చైన్ సా నుంచి ఎలుకల బోను దాకా: కట్టెల పని ఎలా చేసుకోవాలి

కట్టెల పనికి దిగేవాళ్లు ముందు రంపం కొంటారు. తర్వాత దుంగలు కోస్తారు. కోసినవాటిని ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ, మామూలుగా ఇంటి గోడకు ఆనించి, కుప్ప పోస్తారు. ఆర్నెల్లు తిరిగేసరికి గోడ మీద చెదల మట్టి గీతలు, రాత్రిళ్లు అటక మీద ఎలుకల పరుగులు, పొయ్యి వెలిగిస్తే కళ్లు మండించే పొగ. అప్పుడు ఒక్కోదానికి ఒక్కో మందు వెతుక్కుంటారు. నన్నడిగితే ఈ మూడూ ఒకటే జబ్బు. కట్టె తడిగా ఉంది, అది ఉన్న చోటు చీకటిగా ఉంది. అందుకే ఈ పనిని చివర నుంచి మొదలుపెట్టమంటాను. దొంతి పేర్చే చోటు ముందు, రంపం తర్వాత.

ముందు చోటు

ఎండా గాలీ రెండూ తగిలే చోటు వెతకండి. రెండిట్లో ఒకటే దొరుకుతుందంటే గాలినే ఎంచుకోండి. ఎండ పై వరసనే ఆరబెడుతుంది, లోపలి వరసల్లోని తేమను మోసుకుపోయేది గాలే. ఇంటికీ దొంతికీ మధ్య ఆరు మీటర్ల దూరం ఉంటే మంచిది. అంత స్థలం లేకపోతే కనీసం గోడకూ కట్టెలకూ మధ్య మనిషి నడిచేంత సందు వదలండి. ఆ సందులో నిలబడి చూస్తేనే గోడెక్కే చెదల దారి కంటపడుతుంది, ఎలుక కన్నం కంటపడుతుంది.

కట్టెల్ని నేల మీద నేరుగా పెట్టకండి. రాళ్లో సిమెంటు దిమ్మెలో పరిచి, వాటి మీద రెండు ఇనుప గొట్టాలు వేసి, ఆ పైన పేర్చండి. చెదల కోసమైతే ఒక జానెడు ఎత్తు చాలు. ఎలుకల్ని కూడా లెక్కలోకి తీసుకుంటే 30 నుంచి 45 సెంటీమీటర్లు ఉండాలి. వంగి చూస్తే దొంతి కింద అవతలి వైపు వెలుగు కనిపించాలి, చీపురు అటూ ఇటూ ఆడాలి. అంత వెలుగున్న చోట ఎలుక కాపురం పెట్టదు. చెక్క పాలెట్లు (సరుకు కింద వేసే చట్రాలు) వేసుకునేవాళ్లు వాటి కింద కూడా రాళ్లు పెట్టాలి. లేకపోతే చెదలకు మొదటి విందు పాలెట్టే.

రంపం, ఒంటి మీద వేసుకునేవి

వంటచెరకు కోసుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. 35 నుంచి 45 సీసీ ఇంజిన్, 35 నుంచి 40 సెంటీమీటర్ల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి పట్టీ) ఉన్న చైన్ సా చాలు. బార్ పొడవు పెరిగే కొద్దీ బరువు పెరుగుతుంది, చేతులు త్వరగా అలుస్తాయి, దాని ముక్కు, అంటే చివరి కొన, ఎక్కడ తగులుతోందో కళ్లకు అందదు. చేతి మణికట్టంత లావు కొమ్మలకైతే మంచి చేతి రంపమే హాయి. ఇంటి దగ్గర్లోనే పని, రోజుకు గంటో అరగంటో అయితే బ్యాటరీ రంపం కూడా బాగుంటుంది. పెట్రోలు కలిపే గొడవ లేదు.

ఇక రక్షణ. కళ్లద్దాలు, గట్టి బూట్లు, హెల్మెట్, చెవులకు మఫ్, కాళ్లకు చైన్ సా చాప్స్, అంటే ప్యాంటు మీద కట్టుకునే మందపాటి తొడుగులు. చెవుల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పెట్రోలు రంపం చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది, ఆ స్థాయిలో ఒట్టి చెవులతో రోజుకు పావుగంటకు మించి ఉండకూడదంటారు. చాప్స్ లోపల పొడుగాటి పీచు పొరలు ఉంటాయి. చైన్ తగలగానే ఆ పీచు బయటకు వచ్చి స్ప్రాకెట్‌కు (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) చుట్టుకుని చైన్‌ను ఆపేస్తుంది. కరెంటు, బ్యాటరీ రంపాలను అది అదే తీరున ఆపలేకపోవచ్చు, ఎందుకంటే ఆ మోటార్ లాగే బలం వేరు. కండువా, లుంగీ, వదులు చొక్కా చేతులు ఈ పనికి పనికిరావు.

ఇంధనం, నూనె

పెట్రోలు రంపానిది టూ స్ట్రోక్ ఇంజిన్, అందులో పోసే పెట్రోలులోనే ఆయిల్ కలపాలి. ఎంత కలపాలో మాన్యువల్‌లో ఉంటుంది. 50కి 1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. కంటితో చూసి సుమారుగా పోయకండి, కొలత సీసా వాడండి. ఆయిల్ లేని పెట్రోలుతో ఒక్కసారి నడిపితే చాలు, పిస్టన్ పట్టేస్తుంది. కలిపి పెట్టుకున్న ఇంధనం నెల లోపు వాడేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నిలవ ఉంటే కార్బురేటర్‌కు చేటు. రంపాన్ని నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపి, అప్పుడు పెట్టండి.

చైన్ ఆయిల్ ట్యాంక్ వేరే. పెట్రోలు పోసిన ప్రతిసారీ అది కూడా నింపడం అలవాటు చేసుకోండి. ఆయిల్ వస్తోందో లేదో తెలియాలంటే బార్ కొనను ఒక తెల్లటి మొద్దుకు కొంచెం దూరంగా పట్టి యాక్సిలరేటర్ నొక్కండి. మొద్దు మీద సన్నటి నూనె చార పడాలి. పడకపోతే బార్ గాడిలో పొట్టు పేరుకుందేమో తీసి తుడవండి. అప్పుడే బార్‌ను తలకిందులుగా తిప్పి బిగిస్తే రెండు అంచులూ సమానంగా అరుగుతాయి.

చైన్ పదును: అసలు పని ఇక్కడే

మొండి చైన్ వల్ల పోయేంత పెట్రోలు, నడుము, సమయం ఈ పనిలో మరి దేనివల్లా పోవు. ప్రమాదాలు కూడా దీనివల్ల పెరుగుతాయి, ఎందుకంటే తెగని రంపాన్ని మనిషి బలంగా నొక్కుతాడు, నొక్కినప్పుడు చేయి జారుతుంది. చైన్ మొండిబారిందని పొట్టు చూసి చెప్పవచ్చు. పదునున్న చైన్ రేకుల్లాంటి ముక్కలు ఊడదీస్తుంది. పిండిలాంటి పొడి రాలుతోందంటే, కోత దగ్గర పొగ లేస్తోందంటే ఆపి పదును పెట్టాలి. కోత ఒక పక్కకు వంకరగా పోతోందా? ఒక వైపు పళ్లు రెండో వైపు కన్నా పొట్టిగానో మొండిగానో ఉన్నాయని అర్థం.

గుండ్రటి ఆకురాయి కావాలి, దాని మందం చైన్‌ను బట్టి ఉంటుంది. చిన్న రంపాల చైన్‌కు మామూలుగా 4 మిల్లీమీటర్లు, మధ్యరకానికి 4.8, పెద్దవాటికి 5.2 లేదా 5.5. తప్పు సైజుతో రుద్దితే పంటి ఆకారమే మారిపోతుంది, కాబట్టి మాన్యువల్ చూసి కొనండి.

1. ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ తొడుగు లాగి, బార్‌ను వైస్‌లోనో ఒక మొద్దులో కోసిన గాడిలోనో కదలకుండా బిగించండి. చైన్ బ్రేక్ (చైన్ తిరగకుండా ఆపే మీట) వేయండి.

2. అన్ని పళ్లలోకీ పొట్టిగా అరిగిపోయినదాన్ని వెతకండి. దాని మీద మార్కర్‌తో గుర్తు పెట్టండి. మిగతా పళ్లన్నీ దాని పొడవుకు రావాలి.

3. పంటి మీద గీసి ఉన్న కోణం గీతకు సమాంతరంగా ఆకురాయి పెట్టండి. చాలా చైన్లకు అది 30 డిగ్రీలు. లోపలి నుంచి బయటికి, ముందుకు మాత్రమే తోయండి. వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి. ముందుకూ వెనక్కూ రంపంలా లాగితే ఆకురాయే చెడిపోతుంది.

4. పొడుగ్గా ఉన్న పళ్లను ముందు గుర్తు పెట్టినదాని పొడవుకు తెచ్చాక, ఒక్కో పంటికి మూడు తోపులంటే మూడే, అన్నిటికీ లెక్క ఒకటే. పళ్లు ఒకటి విడిచి ఒకటి అటూ ఇటూ ఉంటాయి కాబట్టి ముందు ఒక వైపువన్నీ ముగించి, తర్వాత రంపం తిప్పి రెండోవైపు చేయండి.

5. నాలుగైదు సార్లు పదును పెట్టాక పంటి ముందుండే చిన్న బొడిపె, అంటే డెప్త్ గేజ్, చూడాలి. పన్ను అరిగి కిందికి దిగుతుంది, బొడిపె అలాగే ఉంటుంది, దాంతో పన్ను చెక్కను అందుకోదు. గేజ్ రేకు పెట్టి, పంటి కన్నా సుమారు 0.65 మిల్లీమీటర్లు తక్కువ ఉండేలా చదును ఆకురాయితో రుద్దండి. అంతకంటే ఎక్కువ తగ్గిస్తే రంపం చెక్కను కొరికి ఎగిరిపడుతుంది. ఆశపడొద్దు.

చైన్ బిగువు చల్లారిన తర్వాతే చూడాలి. చేత్తో బార్ చుట్టూ లాగితే సాఫీగా తిరగాలి, కింది వైపు వేలాడకూడదు. కొత్త చైన్ మొదటి అరగంటలో సాగుతుంది, కాబట్టి రెండు మూడు సార్లు ఆగి బిగించాల్సి వస్తుంది. యాక్సిలరేటర్ వదిలాక కూడా చైన్ తిరుగుతూనే ఉంటే ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ నొక్కనప్పటి ఇంజిన్ వేగం) సరిచేసే దాకా ఆ రంపం వాడొద్దు.

కోయడం

నిలబడి ఉన్న చెట్టును పడగొట్టడం ఈ వ్యాసంలో నేర్పే పని కాదు. దాన్ని తెలిసినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి. చాలాచోట్ల అనుమతి కూడా కావాలి. ఎండిపోయి నిలబడిన చెట్టు మరీ ప్రమాదం, రంపం అదురుకే పైనుంచి కొమ్మ విరిగి నెత్తిన పడుతుంది. మనం నేల మీద పడి ఉన్న దుంగల దగ్గరే ఆగుదాం.

స్టార్ట్ చేసేటప్పుడు రంపాన్ని నేల మీద పెట్టి, చైన్ బ్రేక్ వేసి, వెనక పిడిలో కుడి పాదం ముందు భాగం దూర్చి నొక్కి, ఎడమ చేత్తో ముందు పిడి పట్టుకుని తాడు లాగండి. గాలిలో వేలాడదీసి లాగేవాళ్లను చూసి నేర్చుకోవద్దు. పట్టు ఎప్పుడూ రెండు చేతులతో. ఎడమ బొటనవేలు పిడి చుట్టూ తిరిగి బిగుసుకోవాలి, పైన ఆనించి ఉంచకూడదు.

బార్ ముక్కులో పై భాగం దేనికైనా తగిలితే రంపం రెప్పపాటులో వెనక్కి, మీ మొహం వైపు ఎగురుతుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. అందుకే ముక్కుతో కోయొద్దు, భుజం ఎత్తు దాటి కోయొద్దు, ఒక దుంగ కోస్తుంటే వెనకాల ఉన్న దుంగకు ముక్కు తగలకుండా చూసుకోండి. మీ తల, మెడ బార్ సాగే గీతలో ఉండకుండా కాస్త ఎడంగా నిలబడండి.

దుంగ బార్‌ను కరిచి పట్టుకోవడం కొత్తవాళ్లందరికీ ఎదురయ్యే తంటా. కోసే ముందు ఒక్క క్షణం ఆగి, దుంగ బరువు ఎటు వేలాడుతోందో చూడండి. రెండు చివరలూ ఆని మధ్యలో గాలి ఉంటే పై భాగం నొక్కుకుపోయి, అడుగు భాగం సాగి ఉంటుంది. ముందు పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి పైకి కోయాలి. ఒక చివర మాత్రమే ఆని రెండోది గాలిలో ఉంటే లెక్క తిరగబడుతుంది: ముందు కింద మూడో వంతు, తర్వాత పైనుంచి. నొక్కుకున్న వైపు ముందు, సాగిన వైపు చివర, ఇంతే సూత్రం. వంగి బిగుసుకున్న సన్నటి కొమ్మను ఒక్క వేటుతో తెంపకండి. విల్లులా తన్నుతుంది.

ఒంటరిగా రంపం పట్టొద్దు. కేక వేస్తే వినపడేంత దూరంలో ఒకరైనా ఉండాలి.

చీల్చడం

ముక్కల పొడవు మీ పొయ్యి లోపలి పొడవు కన్నా ఒక అయిదు సెంటీమీటర్లు తక్కువ పెట్టుకోండి. మామూలుగా 30 నుంచి 40 సెంటీమీటర్లు. పొట్టి ముక్కకు ఇంకో లాభం ఉంది. చెక్కలో తేమ అడ్డంగా కన్నా పీచు వెంబడి ఎన్నో రెట్లు వేగంగా బయటికి పోతుంది, అంటే కోసిన కొసల నుంచే ఎక్కువగా ఆరుతుంది. చీలిస్తే బెరడు అడ్డు కూడా తప్పుతుంది. గుండ్రటి మొద్దును బెరడుతో అలాగే వదిలేస్తే రెండేళ్లకు కూడా లోపల చెమ్మ ఉంటుంది.

నరికే గొడ్డలి వేరు, చీల్చే గొడ్డలి వేరు. నరికేదానికి పలచటి అంచు, చీల్చేదానికి బుగ్గలు ఉబ్బిన మందపాటి తల, మొత్తం బరువు మూడు కిలోల దాకా. పలచటి గొడ్డలితో చీల్చబోతే అది కట్టెలో ఇరుక్కుపోయి, ఊడదీయడానికే సగం పొద్దు పోతుంది. మోకాలి ఎత్తు మొద్దును అడుగున వేసుకోండి. వేటు తప్పినా గొడ్డలి ఆ మొద్దులో దిగాలి గానీ మీ కాలి మీదికి రాకూడదు. కాళ్లు ఎడంగా పెట్టి, వేటు దిగేటప్పుడు మోకాళ్లు కొంచెం వంచండి. మొద్దు మీద ఇప్పటికే పగులు ఉంటే దాని వెంబడే కొట్టండి. లావు మొద్దును నడి మధ్య కొట్టి సగం చేయాలని చూడొద్దు, అంచుల నుంచి పేళ్లు పేళ్లుగా ఊడదీస్తూ లోపలికి రండి. పాత టైరు ఒకటి దొరికితే మొద్దును అందులో నిలబెట్టి కొట్టండి. పేళ్లు చెల్లాచెదురుగా ఎగరవు, వంగి ఏరుకునే పని తప్పుతుంది. ఈ చిట్కా నాకు ఆలస్యంగా తెలిసింది, అప్పటికే నడుము తన మాట తాను చెప్పేసింది.

కణుపులున్న మొండి మొద్దుకు ఇనుప చీల దిగ్గొట్టాలి. దాన్ని కొట్టేది సమ్మెటతోనే, గొడ్డలి వెనక భాగంతో కాదు. అలా కొడితే గొడ్డలి కన్ను (పిడి దూరే రంధ్రం) సాగి కామ వదులైపోతుంది. చీల తల కుక్కగొడుగులా విచ్చుకుంటే ఆ అంచులు గ్రైండర్‌తో తీసేయండి, లేకపోతే దెబ్బకు విరిగిన ఇనుప ముక్క కంట్లోకి వస్తుంది. వదులైన కామను నీళ్లలో నానబెట్టి బిగించడం చాలామంది చేసే పని. ఆ పూటకు ఉబ్బుతుంది, ఆరాక మునుపటికన్నా వదులవుతుంది. కామ కొత్తది వేయండి, లేదా లోపలి చీల మార్చండి. కామకు అవిసె నూనె పట్టించడం మంచిదే. కానీ ఆ నూనె గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకండి, అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. పరిచి ఆరబెట్టి పారేయండి.

పేర్చడం, ఆరబెట్టడం

ఒక్క వరస దొంతి అన్నిటికన్నా త్వరగా ఆరుతుంది. రెండు వరసలు వేస్తే మధ్యలో జానెడు సందు ఉంచండి. బిగుతుగా, ఇటుకల గోడలా పేర్చాలన్న ముచ్చట పడొద్దు. కట్టెల మధ్య గాలి దూరాలి. చివరల్లో ముక్కల్ని అడ్డం నిలువు మార్చి పేరిస్తే దొంతి ఒరగదు. భుజం ఎత్తుకు మించి పేర్చకండి. పైన మాత్రమే రేకు కప్పండి. పక్కలకు కూడా ప్లాస్టిక్ పట్టా చుట్టారంటే లోపల చెమట పట్టి బూజు వస్తుంది. ప్రతి దొంతి చివర ఒక కట్టె మీద పేర్చిన తేదీ రాసి పెట్టండి, పాతదే ముందు వాడాలి.

ఎన్నాళ్లకు ఆరుతుంది? మెత్తటి కట్టె ఆరు నెలలకు, గట్టి చేవ కట్టె ఏడాదికి, ఒక్కోసారి రెండేళ్లకు. వేడి, పొడి గాలి ఉన్న చోట ఇంకా ముందే. తేమ 20 శాతం లోపుకు దిగాలి. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉండవచ్చు. కిలో నీళ్లను మరిగించి ఆవిరి చేయడానికి దాదాపు 2.6 మెగాజౌళ్ల వేడి పోతుంది. సగం నీళ్లున్న కట్టె కిలోకు ఇచ్చేది సుమారు 8 మెగాజౌళ్లు, బాగా ఆరినదైతే 15 దాకా. ఆ తేడాలో ఎక్కువ భాగం కట్టె ఉండాల్సిన చోట నీళ్లు ఉండటం వల్ల, మిగతాది ఆ నీళ్లను ఆవిరి చేయడం వల్ల. పైగా తడి కట్టె సరిగ్గా మండక పొగ, మసి పొగగొట్టానికి పడతాయి. పొగగొట్టాలు అంటుకునేది ఆ మసి పేరుకునే. ఇంకో మాట, కిలోకు కిలో తూచి చూస్తే ఒకేలా ఆరిన ఏ కట్టె అయినా ఇంచుమించు ఒకే వేడి ఇస్తుంది. గట్టి కట్టె గొప్పతనం అంతా తక్కువ చోటులో ఎక్కువ బరువు పట్టడమే.

ఆరిందో లేదో చూడటానికి నాకు నమ్మకమైన పద్ధతి తూకం. దొంతి మధ్య నుంచి మూడు కట్టెలు తీసి గుర్తు పెట్టి తూచండి, రాసుకోండి. రెండు వారాలకోసారి మళ్లీ తూచండి. బరువు తగ్గడం ఆగిపోతే ఆ గాలికి ఆరాల్సినంతా ఆరినట్టే. తేమ మీటరు ఉంటే కట్టె పైపైన పెట్టొద్దు, అప్పటికప్పుడు చీల్చిన లోపలి ముఖం మీద, పీచు వెంబడి సూదులు గుచ్చి చూడాలి. రెండు కట్టెలు కొట్టుకుంటే ఖంగున మోగడం, కొసల్లో నెర్రెలు, బెరడు ఊడిరావడం మంచి గుర్తులే గానీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పురుగు పట్టకుండా మందు పట్టించిన పాత స్తంభాలు పొయ్యిలో పెట్టకండి. కొన్ని పాత స్తంభాల్లో ఆర్సెనిక్ ఉంటుంది, బూడిదలో కూడా మిగులుతుంది. గన్నేరు కట్టె పొగే విషం. పొయ్యి ఉన్న గదికి గాలి దారి ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

చెదలు, పుచ్చు

ముందు ఏ పురుగో పోల్చుకోవాలి. పెన్సిల్ మందం మట్టి గొట్టాలు కనిపిస్తే నేల చెదలు. కట్టె కింద గసగసాల్లాంటి గింజలు, దగ్గరగా చూస్తే ఆరు పలకలున్నవి, రాలి ఉంటే ఎండు కట్టెలోనే కాపురముండే చెదలు. టాల్కమ్ లాంటి మెత్తటి పిండి, గుండుసూది తల పట్టేంత రంధ్రాలు ఉంటే పుచ్చు పురుగు.

నేల చెదల పుట్ట భూమిలో ఉంటుంది. అవి పట్టిన ఒక కట్టెను ఇంట్లోకి తెచ్చినంత మాత్రాన ఇల్లు తినేయవు, మట్టి తేమ అందక చచ్చిపోతాయి. ఇంటికి ముప్పు గోడకానుకుని ఉన్న దొంతి నుంచి. ఆ దొంతి వాటికి వంతెన. మట్టి గొట్టాన్ని ఒక చోట జానెడు పగలగొట్టి నాలుగు రోజులాగి చూడండి. మళ్లీ పూడ్చుకుంటే లోపల బతికే ఉన్నాయి. అప్పుడు దొంతిని జరపడం, నేలను ఆరనివ్వడం మీ పని. ఇంటి పునాదికి మందు కొట్టించడం తెలిసినవాళ్ల పని. కట్టెల మీద మాత్రం పురుగుమందు చల్లొద్దు. రేపు దాన్ని కాల్చి ఆ పొగ పీల్చేది మనమే.

పుచ్చు పురుగుకు ఇష్టం చేవ కాదు, బయటి తెల్ల చెక్క. బెరడు కింద గుడ్లు పెట్టే జాతులూ ఉన్నాయి. బెరడు ఊడదీసి, త్వరగా చీల్చి ఆరబెడితే వాటికి చోటు తగ్గుతుంది. ఇంట్లోకి ఒకటి రెండు రోజులకు సరిపడా కట్టెలే తెచ్చుకోండి. వెచ్చటి గదిలో నెల పాటు ఉంచితే లోపలి పురుగు రెక్కలు తొడుక్కుని మీ చెక్క సామానుకేసి వస్తుంది.

కట్టెల్ని దూర ప్రాంతాలకు మోసుకెళ్లడం కూడా మంచిది కాదు. అమెరికాలోని మిషిగన్‌లో 2002లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు సొంత రెక్కలతో ఎగిరింది కొద్ది దూరమే. రాష్ట్రాలు దాటింది వంటచెరకు బళ్ల మీద, మొక్కల రవాణా మీద. కోట్ల యాష్ చెట్లు చచ్చిపోయాయి.

ఎలుకలు

వీటి దగ్గర తొందరపడితే ఓడిపోతాం. మొదటి వారం ఒక్క బోను కూడా పెట్టకుండా చూడటానికే కేటాయించండి. బియ్యపు గింజంత రెట్టలుంటే చిట్టెలుక, సెంటీమీటరు దాటి లావుగా ఉంటే పెద్ద ఎలుక, కన్నం దగ్గర మట్టి కుప్ప పోసి ఉంటే పందికొక్కు కావచ్చు. కనిపించిన కన్నాలన్నీ సాయంత్రం కాగితమో మట్టో పెట్టి పూడ్చి, మర్నాడు ఏవి తెరుచుకున్నాయో చూడండి. తెరుచుకున్నవే కాపురమున్న ఇళ్లు. గోడ వెంట టాల్కమ్ పౌడర్ చల్లితే అడుగులు, తోక గీత పడతాయి.

తర్వాత తిండి, నీళ్లు, దారి కట్టేయండి. గింజలు, దాణా మూత బిగిసే ఇనుప డబ్బాల్లోకి. చిట్టెలుక 6 మిల్లీమీటర్ల సందులో దూరుతుంది, పెద్ద ఎలుకకు 12 చాలు. ఆ సందులు ఇనుప పీచు కుక్కి పైన సిమెంటు పూయండి, కిటికీలకు 6 మిల్లీమీటర్ల ఇనుప వల. ఫోమ్, చెక్క, ప్లాస్టిక్ పెడితే రాత్రికే కొరికేస్తాయి.

ఇప్పుడు బోను. కొట్టే బోనుల్ని గోడకు అడ్డంగా, మేత ఉన్న కొస గోడ వైపు ఉండేలా పెట్టాలి. ఎలుక గోడ పక్కనే పరుగెత్తుతుంది, మధ్య నేల మీద పెట్టిన బోనులో పడదు. ఒకటి రెండు కాదు, ఒక్కసారే పది పన్నెండు పెట్టండి. పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. అందుకే మొదటి నాలుగైదు రోజులు స్ప్రింగ్ బిగించకుండా మేత మాత్రం పెట్టండి. రోజూ మేత మాయమవుతోందంటే ఒక రాత్రి అన్నీ బిగించండి. ఆ ఒక్క రాత్రి పడినన్ని తర్వాత నెలంతా పడవు. వేరుశనగ ముద్ద చిటికెడు చాలు, ఎక్కువ పెడితే అంచుల నుంచి నాకి పోతుంది. జిగురు అట్టలు వాడొద్దనే నా మాట. ఎలుక గంటల తరబడి నరకపడుతుంది, పక్షులు, బల్లులు కూడా అంటుకుంటాయి.

విషం చివరి మార్గం. బ్రోమాడియోలోన్ లాంటివి రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజులకు చంపుతాయి. ఆ లోపల తూలుతూ తిరిగే ఎలుకను పిల్లి గానీ గుడ్లగూబ గానీ పట్టుకుంటే విషం వాటికీ ఎక్కుతుంది. గుడ్లగూబ ఒక్కటి మన బోనులన్నిటికన్నా బాగా పనిచేస్తుంది, దాన్నే చంపుకుంటే ఎలా? ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. తప్పనిసరై పెట్టాల్సి వస్తే తాళం వేసే బెయిట్ బాక్సులో (విషపు మేత పెట్టే పెట్టె), పిల్లలకూ పశువులకూ అందని చోట పెట్టి, చచ్చినవాటిని రోజూ గ్లవ్స్‌తో ఏరి లోతుగా పూడ్చండి. ఈ రకం విషం మనిషి మింగితే విటమిన్ కె1 విరుగుడు, కాబట్టి ప్యాకెట్ దాచి ఆస్పత్రికి వెంట తీసుకెళ్లాలి. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు ఇంట్లో, ఇంటి గోడ పక్క కన్నాల్లో పెట్టనే కూడదు. తేమ తగిలితే వచ్చే ఫాస్ఫీన్ వాయువు నిద్రలో ఉన్న మనుషుల్ని చంపింది.

ఎలుక రెట్టల్ని పొడిగా ఊడవకండి, దుమ్ము ముక్కులోకి పోతుంది. ఒక పాలు బ్లీచ్, తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి చల్లి, కొద్దిసేపాగి గుడ్డతో తీయండి. ఎలుక జ్వరం వచ్చేది వాటి మూత్రం కలిసిన తడి నుంచి. కాళ్లకు పుండ్లుంటే ఆ చోట ఒట్టి కాళ్లతో తిరగొద్దు.

పాము, తేలు

ఎలుక ఉన్న చోటికి పాము వస్తుంది. దొంతి చుట్టూ వెల్లుల్లి, ఫినాయిల్, సున్నం చల్లడం మీద నమ్మకం పెట్టుకోవద్దు, చుట్టూ రెండడుగుల మేర గడ్డి లేకుండా నేల కనిపించేలా ఉంచడం మేలు. కట్టె తీసే ముందు కర్రతో దొంతిని నాలుగు సార్లు తట్టండి. చేతికి తోలు గ్లవ్స్, కాలికి బూట్లు. పైనుంచే తీయండి, సందులోకి చేయి పెట్టి మధ్య కట్టె లాగొద్దు. రాత్రి కట్టె కావాలనుకుంటే సాయంత్రమే తెచ్చి పెట్టుకోండి. తేళ్లు అతినీలలోహిత కాంతిలో పచ్చగా మెరుస్తాయి, ఆ రకం చిన్న టార్చి ఒకటి ఉంటే చీకట్లో దొంతి మీద వెలిగించి చూడండి. మొదటిసారి చూసినవాళ్లు ఎన్ని ఉన్నాయో తెలిసి మర్నాడే దొంతి జరుపుతారు.

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏవీ చేయొద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన చేయి లేదా కాలు కదలకుండా కర్ర కట్టి, నడిపించకుండా యాంటీవీనమ్ ఉన్న ఆస్పత్రికి చేర్చండి. పామును పట్టి తీసుకెళ్లాలని ఆగొద్దు.

అడుగు వరస వాడే రోజు మిగతా అన్ని రోజులకన్నా జాగ్రత్త కావాలి, దొంతిలో బతికేవన్నీ అప్పటికి అక్కడికే చేరి ఉంటాయి. పట్టపగలు, ఒకరు పక్కన ఉండగా, ఒక చివర నుంచి కర్రతో దొర్లిస్తూ ఖాళీ చేయండి. కింద రాలిన బెరడు, పొట్టు ఊడ్చి దూరంగా పడేసి, ఆ చోటును వారం పాటు ఎండకు వదిలి, ఆ తర్వాత కొత్త కట్టె దించండి.